బ్రౌన్ స్విచ్‌లో బంప్ నా వేలికి ఎందుకు తెలియడం లేదు?

రాతపని (ప్రశ్న)

నమస్తే అండీ అందరికీ. రోజంతా నాకు టైపింగే పని. రికార్డింగులు విని రాయడం, అనువాదాలు, మధ్యమధ్యలో మెయిళ్లు. ఇన్నాళ్లూ ల్యాప్‌టాప్ కీల మీదే లాగించేశాను. ఈమధ్య సాయంత్రమయ్యేసరికి వేళ్ల కొసలు మొద్దుబారినట్టు ఉంటున్నాయి. కాస్త గమనించి చూసుకుంటే, ప్రతి కీనీ అడుగు తాకేదాకా బలంగా కొడుతున్నానని అర్థమైంది. అక్షరం పడిందా లేదా అన్నది వేలికి తెలియడం లేదు, అందుకని పడి తీరాలన్నట్టు కొడుతున్నాను.

మెకానికల్ కీబోర్డు తీసుకుందామని రెండు వాడి చూశాను. ఒక స్నేహితురాలి దగ్గర చెర్రీ కంపెనీ ఎంఎక్స్ బ్రౌన్ స్విచ్‌లున్న బోర్డు (స్విచ్ అంటే ప్రతి కీ కింద ఉండే చిన్న యంత్రం, దాని రకాన్ని రంగు పేరుతో పిలుస్తారు) ఉంటే, అడిగి తెచ్చుకుని దాని మీదే పని చేశాను. టాక్టైల్ అంటే మధ్యలో చిన్న బంప్ తగులుతుంది, దాంతో అక్షరం పడిందని తెలుస్తుంది అంటారు కదా. ఒక్కో కీనీ మెల్లగా నొక్కితే ఏదో తగిలిన మాట నిజమే. పనిలో పడి వేగంగా కొడుతుంటే మాత్రం బంప్ ఊసే లేదు, కాస్త గరుకుగా ఉంది, అంతే. ఆఫీసులో ఇంకొకరి దగ్గర బ్లూ ఉంది. అది వేలికి స్పష్టంగా తెలిసింది, బాగా నచ్చింది కూడా. కానీ ఆ చప్పుడు! రాత్రిళ్లు నేను పని చేసే గదిలోనే ఇంకొకరు నిద్రపోతారు. బ్లూ కుదరని పని.

నా సందేహాలు ఇవీ. బంప్ లేని రెడ్ స్విచ్ మీదా 45 అనే ఉంటుంది, బ్రౌన్ మీదా 45 అనే ఉంటుంది, మరి తేడా ఎక్కడుంది? బ్లూ నా వేలికి ఇచ్చిన ఆ భరోసా చప్పుడు లేకుండా దొరుకుతుందా, లేక ఆ చప్పుడు వల్లే నాకు అలా అనిపించిందా? రంగు ఒకటే అయితే ఏ కంపెనీదైనా ఒకేలా ఉంటుందా? స్విచ్‌లు ఊడదీసి మార్చుకునే హాట్‌స్వాప్ బోర్డు తీసుకుందామనుకుంటున్నాను కాబట్టి రెండు మూడు రకాలు ప్రయత్నించడానికి ఇబ్బంది లేదు.


వేగం_ముఖ్యం

నా ఓటు లీనియర్‌కేనండీ. నేను కోడ్ రాస్తాను, గేమ్స్ ఆడతాను, రెండింటికీ గేటరాన్ కంపెనీ ఎల్లో స్విచ్‌లే. లీనియర్‌లో పైనుంచి కింది దాకా స్ప్రింగు ఎదురు తప్ప ఇంకేమీ ఉండదు. బంప్ ఉన్నవి వాడితే ప్రతి అక్షరానికీ ఏదో దాటుకుని వెళ్తున్నట్టు ఉంటుంది నాకు. లీనియర్‌కి అలవాటు పడ్డాక వేళ్లు తేలికగా సాగిపోతాయి, సగం కీలు అడుగు తాకకుండానే పడిపోతాయి.

చెర్రీ స్పీడ్ సిల్వర్ మాత్రం మీ పనికి వద్దు. మామూలు రెడ్ 2 మి.మీ. దిగితే అక్షరం పడుతుంది, సిల్వర్‌లో 1.2 మి.మీ. దిగితే చాలు. గేమ్‌లో బ్రహ్మాండంగా ఉంటుంది. రాసేటప్పుడు వేళ్లు కీల మీద ఆనించి ఆలోచిస్తుంటాం కదా, అప్పుడు పిలవని అక్షరాలు వచ్చేస్తాయి. చప్పుడు సమస్య అయితే సైలెంట్ రెడ్ చూడండి. కీ కింద తాకే చోటా, తిరిగి పైన తాకే చోటా మెత్తటి ముక్కలు పెట్టి శబ్దం తగ్గిస్తారు.


స్ప్రింగుల_డబ్బా

మీకు బంప్ తెలియకపోవడంలో మీ వేళ్ల లోపం ఏమీ లేదండీ. బ్రౌన్ కట్టుబడే అలాంటిది. టాక్టైల్ స్విచ్‌లంటే నాకు ప్రాణం. జవాబు పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ 45 సంగతి. అది 45 సెంటీన్యూటన్లు, సుమారుగా 45 గ్రాముల బరువు వేలి కింద పెట్టినంత ఎదురు. చెర్రీ ఎంఎక్స్ కీ పూర్తిగా దిగితే 4 మి.మీ., అందులో 2 మి.మీ. దగ్గర అక్షరం పడుతుంది. 45 అన్నది ఆ ఒక్క చోటి లెక్క. దానికి ముందు వేలికి ఏం ఎదురైంది, దాని తర్వాత ఏం ఎదురవుతుంది అన్నది ఆ అంకెలో లేదు. వేలు గుర్తుపట్టేదేమో ఆ ముందూ వెనకలనే. స్విచ్‌కి ఫోర్స్ కర్వ్ అని ఒక గ్రాఫ్ ఉంటుంది, కీ దిగే కొద్దీ ఎంత బలం కావాలో చూపించే గీత. రెడ్ గీత చివరిదాకా నున్నగా పైకి ఎక్కుతుంది. బ్రౌన్ గీత మధ్యలో 55 దాకా లేచి, కొద్దిగా దిగి, మళ్లీ ఎక్కుతుంది. రెండింటికీ 45 అనే రాసి ఉన్నా తేడా అదే. మీరు వెతుకుతున్న బంప్ అంతా ఆ పది సెంటీన్యూటన్లలోనే ఉంది.

వీలైతే ఒక బ్రౌన్ స్విచ్ విప్పి చూడండి. పై కప్పు నాలుగు చోట్ల చిన్న కొక్కేలతో పట్టి ఉంటుంది, వాటిని మెల్లగా ఎత్తితే ఊడి వస్తుంది. లోపల స్ప్రింగు, దాని మీద గోధుమరంగు స్టెమ్, అంటే కీతో పాటు కిందికి దిగే ముక్క. స్టెమ్‌కి ఒక పక్కన కిందికి దిగిన రెండు చిన్న కాళ్లుంటాయి. కింది హౌసింగ్‌లో, అంటే స్విచ్ పెట్టెలో, పల్చటి లోహపు రేకు ఉంటుంది, దాన్ని లీఫ్ అంటారు. కీ పైన ఉన్నంతసేపూ ఈ కాళ్లే రేకుని వెనక్కి తోసి పట్టుకుంటాయి. కీ దిగే కొద్దీ కాళ్లు పక్కకి తప్పుకుంటాయి, రేకు ముందుకొచ్చి ఎదుటి రేకుని తాకుతుంది. అక్షరం పడేది అప్పుడే.

రెడ్ స్టెమ్ కాళ్లు నున్నటి వాలుగా ఉంటాయి. బ్రౌన్ స్టెమ్‌ని టేబుల్ లైటు కింద పక్కవాటుగా తిప్పి చూస్తే ఆ వాలు మధ్యలో చిన్న ఉబ్బు కనిపిస్తుంది. నిజంగా చిన్నది, కంటికి కూడా వెతుక్కోవాలి. రేకు ఆ ఉబ్బుని రాసుకుంటూ దాటడమే బంప్. మెల్లగా నొక్కినప్పుడు రేకు ఎక్కి దిగడం వేలికి అందుతుంది. వేగంగా కొట్టే వేలు అక్కడికి చేరేసరికే ఊపు మీద ఉంటుంది, పది సెంటీన్యూటన్ల తేడా దానికి ఆనదు. ఆ రాపిడి మాత్రం మిగిలిపోతుంది, మీకు గరుకు అనిపించింది అదే. దుకాణంలో ఒక్కో స్విచ్ నొక్కి చూసి టాక్టైల్ కొనుక్కునేవాళ్లు చాలామంది ఇక్కడే పొరపడతారు. మెల్లగా నొక్కే వేలికీ, పనిలో ఉన్న వేలికీ స్విచ్ ఒకేలా ఉండదు.

బ్లూలో స్టెమ్ రెండు ముక్కలు. నీలం ముక్క, దాని చుట్టూ వదులుగా కదిలే తెల్ల ముక్క. తెల్ల ముక్క రేకు దగ్గర ఆగుతుంది. బలం చాలినంత అయ్యాక ఒక్క ఉదుటున కిందికి దూకి తగులుతుంది. చప్పుడు అక్కడ పుడుతుంది, కొంచెం అటూ ఇటూగా అక్కడే, 2.2 మి.మీ. దగ్గర, అక్షరమూ పడుతుంది. బాల్‌పెన్ను వెనక బటన్ నొక్కినప్పుడు ఠక్కున తెగినట్టు ఉంటుందే, ఆ తెగడం మీకు నచ్చింది. దీనికి ఒక లోటు ఉంది. కీ తిరిగి వచ్చేటప్పుడు, అక్షరం పడిన చోటు దాటి ఇంకా పైకి వస్తేగాని స్విచ్ మళ్లీ సిద్ధం కాదు. ఒకే అక్షరం వెంటవెంటనే రెండుసార్లు కొట్టాల్సి వస్తే వేలు ఎక్కువ ఎత్తాలి. కైల్ కంపెనీ బాక్స్ వైట్‌లో ఈ ఇబ్బంది లేదు. అందులో క్లిక్ కోసం విడిగా సన్నటి తీగ, క్లిక్ బార్, ఉంటుంది, చప్పుడు ఇంకా సన్నగా, తేటగా వస్తుంది. బాక్స్ జేడ్‌లో ఆ తీగ మందం ఎక్కువ. క్లిక్కీ (ఇలా క్లిక్‌మని చప్పుడు చేసే) స్విచ్‌లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే, కీ దిగేటప్పుడూ పలుకుతుంది, తిరిగి వచ్చేటప్పుడూ పలుకుతుంది. మీ గదిలోకి మాత్రం పనికిరాదు.

చప్పుడు వల్లే అలా అనిపించిందా అన్నారు. దాన్ని తేల్చుకునే దారి ఉంది. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్‌లో పాట పెట్టుకుని, ఆ బ్లూ బోర్డు మీద ఒక పేజీ కొట్టండి. చప్పుడు వినపడనప్పుడు కూడా వేలికి అంతే భరోసా ఉంటే మీకు కావలసింది బంప్. భరోసా తగ్గితే ఎంత తగ్గిందో అంత మీ చెవి వాటా. నా మట్టుకు బ్లూలో సగానికి పైగా చెవిదే. జేడ్ అలా కాదు, చెవులు మూసుకున్నా ప్రతి కీ వేలికి తెలుస్తుంది.

రంగుల మీద అసలు ఆధారపడకండి. రంగుల పేర్లు చెర్రీతో అలవాటైనవి, మిగతా కంపెనీలు వాటిని అనుసరించాలన్న నియమం ఏమీ లేదు. రెడ్, బ్రౌన్, బ్లూ వరకూ చాలామంది ఒకే దారిలో ఉన్నారు గానీ దాని తర్వాత ఎవరి దారి వాళ్లదే. చెర్రీ క్లియర్ బరువైన టాక్టైల్, బంప్ బాగా తెలుస్తుంది. గేటరాన్ క్లియర్ అసలు బంప్ లేని, ఈక బరువున్న లీనియర్, 35 గ్రాములు. క్లియర్ బాగుంటుందని ఎవరో అన్నారని తెచ్చుకుంటే ఏది చేతికొస్తుందో చెప్పలేం.

ఇక మీకు ఏది సరిపోతుంది అన్నది. బంప్ ఎంత పెద్దది అని అందరూ అడుగుతారు, ఎక్కడ ఉంది అని తక్కువమంది అడుగుతారు. నా దృష్టిలో రెండోదే ముఖ్యం. బ్రౌన్‌లో వేలు కొంత దూరం ఖాళీగా దిగి, ఊపందుకున్నాక బంప్ ఎదురవుతుంది. కొత్త టాక్టైల్ స్విచ్‌లలో చాలావాటికి బంప్ కీ పైనే మొదలవుతుంది. వేలు కదలబోయే ముందే ఎదురు తగులుతుంది, దాన్ని దాటేసరికి బలం ఒక్కసారిగా తగ్గిపోయి కీ దానంతటది జారినట్టు వెళ్తుంది, ఆ జారుడులోనే అక్షరం పడిపోతుంది. ఎంత వేగంగా కొట్టినా ఈ బంప్ తప్పించుకోలేరు, ఎందుకంటే మీ వేలికి ఇంకా ఊపు రాలేదు. ల్యాప్‌టాప్ కీలలో కూడా ఎదురు పైభాగంలోనే ఉంటుంది కాబట్టి మీకు కొత్తగా కూడా అనిపించదు.

ఆ రకంలో చప్పుడు లేనిది కావాలంటే బోబా యూ4. 62 గ్రాములది, 68 గ్రాములది అని రెండు ఉన్నాయి, మీరు 62తో మొదలుపెట్టండి. బంప్ గుండ్రంగా, పెద్దగా ఉంటుంది. స్టెమ్‌కి మెత్తటి ముక్కలుండడంతో అడుగు తాకినా, పైకి తిరిగి వచ్చినా శబ్దం ఉండీ లేనట్టు ఉంటుంది. యూ4టీ అని ఇంకోటి ఉంది, పేరు చూసి పొరపడకండి, అది సైలెంట్ కాదు. బంప్ అలాంటిదే, శబ్దం మాత్రం లోతుగా, గట్టిగా వస్తుంది.

హోలీ పాండా పేరు మీరు వినే ఉంటారు. ఇన్వైర్ పాండా అనే లీనియర్ స్విచ్ హౌసింగ్‌లో హేలో అనే టాక్టైల్ స్విచ్ స్టెమ్ పెట్టి చూసినవాళ్లకి, ఆ రెండింటిలో దేనిలోనూ లేని గుండ్రటి బంప్ దొరికింది. స్టెమ్ అదే, హౌసింగ్ మారితే బంప్ మారిపోయింది! కాళ్లు, రేకు ఎంత దగ్గరగా, ఎంత ఒరుసుకుంటూ కూర్చున్నాయన్నది స్పర్శని అంతగా మారుస్తుంది. తర్వాత దాన్నే నేరుగా తయారు చేసి అమ్మడం మొదలుపెట్టారు. చాలా మంచి స్విచ్, కానీ రాత్రి గదికి శబ్దం ఎక్కువ.


పాత_బోర్డులు

స్ప్రింగుల_డబ్బా గారు చెప్పినదానికి కొంచెం చేర్పు. బంప్, చప్పుడు, అక్షరం మూడూ ఒకే కదలికలో పుట్టాలంటే బక్లింగ్ స్ప్రింగ్‌ని మించింది నేను చూడలేదు. ఐబీఎం 1981లో పీసీతో ఇచ్చిన మోడల్ ఎఫ్, 1985 నుంచి వచ్చిన మోడల్ ఎం, రెండింటిలోనూ కీ కింద ఒక పొడవాటి స్ప్రింగు ఉంటుంది. నొక్కే కొద్దీ అది ముడుచుకుంటూ వచ్చి ఒక దశలో పక్కకి వంగిపోతుంది. వంగేటప్పుడు కింద ఉన్న చిన్న పలకని తిప్పుతుంది, అక్షరం పడుతుంది. వేలికి తెలిసేదీ, చెవికి వినపడేదీ, కంప్యూటర్‌కి అందేదీ ఆ వంపే. ఎంఎక్స్ స్విచ్‌లలో బంప్ ఒక భాగం, కాంటాక్ట్ ఇంకో భాగం, రెండూ సుమారుగా కలిసేలా అమరుస్తారు. ఇందులో అమర్చాల్సిన అవసరమే లేదు. మోడల్ ఎం తరహా బోర్డులని యూనికాంప్ ఇప్పటికీ చేస్తోంది. చప్పుడు బ్లూని మించి ఉంటుంది కాబట్టి మీకు సిఫారసు చేయను. బ్లూలో మీకు నచ్చినదాన్ని ఇంకా శుద్ధంగా ఎప్పుడైనా చూడాలనిపిస్తే మాత్రం ఒకసారి దీని మీద చేయి వేసి చూడండి.

మీకు నిజంగా పనికొచ్చేది టోప్రే రకం కీబోర్డు అని నా అభిప్రాయం. కీ కింద రబ్బరు గిన్నె, దాని లోపల శంఖం ఆకారంలో చుట్టిన సన్నటి స్ప్రింగు. స్ప్రింగు వల్ల వేలికి పెద్దగా ఏమీ తెలియదు, అది దిగే కొద్దీ మారే కెపాసిటెన్స్‌ని (విద్యుత్ ఆవేశాన్ని నిలుపుకునే సామర్థ్యాన్ని) సర్క్యూట్ కొలుస్తుంది. స్పర్శ అంతా రబ్బరుదే. లోహపు కాంటాక్టులు తాకాల్సిన పని లేదు కాబట్టి గరుకు అన్న ప్రసక్తి రాదు. ఎదురు పైనే వస్తుంది, గుండ్రంగా తగ్గుతుంది, అడుగున మెత్తటి దబ్బుమనే శబ్దం. హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డు 1996లో మొదటిసారి వచ్చింది, 2003లో వచ్చిన ప్రొఫెషనల్ మోడల్ నుంచి టోప్రే వాడుతున్నారు. టోప్రే వాళ్ల రియల్‌ఫోర్స్ కీబోర్డుల్లో ఒక రకం ఉంది, అన్ని కీలూ ఒకే బరువు ఉండవు, చిటికెన వేలికి అందేవి తేలిక, 30 గ్రాములు. రోజంతా రాసేవాళ్లకి అది ఎంత సుఖమో! లోటు ఏమిటంటే స్విచ్‌లు మార్చుకునే వీలు లేదు. నచ్చకపోతే బోర్డు మొత్తం మార్చుకోవాల్సిందే.


రాతపని

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్స్ అండీ. హెడ్‌ఫోన్ పరీక్ష చేశాను. పాట పెట్టుకుని కొడితే బ్లూ భరోసా చాలావరకు పోయింది, కానీ బ్రౌన్ అంత ఖాళీగా మాత్రం లేదు, ఏదో మిగిలింది. అంటే నాకు చెవి, వేలు రెండూ కావాలన్నమాట, అందులో చెవిని వదులుకోవాలి.

స్నేహితురాలి బ్రౌన్ స్విచ్ ఒకటి విప్పి చూశాం కూడా. ఆ ఉబ్బు కనిపించింది! ఇంత చిన్నదాన్ని నమ్ముకుని ఇంతమంది టైప్ చేస్తున్నారా అని ఆశ్చర్యం వేసింది.

ఇంకో రెండు అడగాలి. అదే చెర్రీ బ్రౌన్ ఇంకో బోర్డు మీద కూడా నొక్కి చూశాను, అక్కడ కాస్త మెత్తగా, బంప్ కొంచెం నయంగా అనిపించింది. స్విచ్ ఒకటే అయినప్పుడు ఎలా? రెండోది, గ్రీజు రాస్తే నున్నబడతాయి అంటారు, నేను కూడా రాయాలా? టోప్రే వర్ణన చదివితే నోరూరింది గానీ, ముందు మార్చుకునే వీలున్నదానితోనే మొదలుపెడతాను.


స్ప్రింగుల_డబ్బా

బోర్డు మారితే స్పర్శ మారుతుందండీ, అది మీ భ్రమ కాదు. స్విచ్ కూర్చునే ప్లేట్ ఇత్తడిదో ఉక్కుదో అయితే అడుగు తాకినప్పుడు దెబ్బ తిరిగి వేలికే వస్తుంది. పాలీకార్బొనేట్ ప్లేట్ అయితే కొంచెం వంగి ఆ దెబ్బని తినేస్తుంది. ప్లేట్‌ని స్క్రూలతో కేసుకి బిగించకుండా రబ్బరు లాంటి గ్యాస్కెట్ల మీద ఆనిస్తే ఇంకా మెత్తగా ఉంటుంది. మీలా అడుగు దాకా కొట్టేవాళ్లకి, స్విచ్ ఎంచుకోవడంలో ఎంత శ్రద్ధ పెడతారో ప్లేట్ విషయంలోనూ అంత శ్రద్ధ అవసరం. వేళ్ల కొసలు మొద్దుబారడానికి కారణం కీని నొక్కే బలం ఒక్కటే అయి ఉండదు, అడుగున ఆగే తీరు కూడా. అందుకే గట్టి ప్లేట్ మీద బరువైన స్ప్రింగు పెట్టుకోమని మీకు చెప్పను.

కీక్యాప్, అంటే కీ మీద వేలు తాకే టోపీ, కూడా తన వంతు చేస్తుంది. ఎస్ఏ లాంటి పొడుగు కీక్యాప్‌లలో వేలు ఎత్తులో ఉంటుంది, చిన్న కదలిక కూడా పెద్దగా అనిపిస్తుంది, పొట్టిగా ఉండే చెర్రీ ప్రొఫైల్ (ఆకారం) వాటిలో వేలు కిందికి ఉంటుంది. వాటిని చేసే ప్లాస్టిక్‌లలో పీబీటీ కాస్త గరుకు, ఏబీఎస్ నునుపు, వాడే కొద్దీ మెరుపెక్కి జారుతుంది. రోజంతా రాసేవాళ్లకి నేను చెర్రీ ప్రొఫైల్ పీబీటీ చెబుతాను, మిగతావి అందం కోసం.

గ్రీజు విషయంలో జాగ్రత్త. క్రైటాక్స్ 205జీ0 అందరి నోటా వినిపించేది, లీనియర్‌కి బాగా పనిచేస్తుంది. స్టెమ్ పక్కలు హౌసింగ్‌లో జారే పట్టాల మీద సన్నటి బ్రష్‌తో, కంటికి తెల్లగా కనపడనంత పల్చగా రాయాలి. టాక్టైల్‌లో మాత్రం స్టెమ్ కాళ్లకి అసలు తగలనివ్వకండి. బంప్ పుట్టేది రేకు, కాళ్లు ఒరుసుకున్న చోటే కదా, అక్కడ చిక్కటి గ్రీజు పడితే బంప్ అంచులు అరిగిపోయినట్టు అవుతాయి. బ్రౌన్‌కి అలా రాస్తే దాదాపు రెడ్ అయిపోతుంది. టాక్టైల్‌కి ట్రైబోసిస్ 3203 లాంటి పల్చనిది, పట్టాల మీద మాత్రం రాస్తే చాలు. స్ప్రింగు కీచుమంటుంటే దాని రెండు చివర్లకీ చుక్క నూనె తగిలిస్తే సరి.

యూ4కి మొదట్లో ఏమీ రాయకండి. ఉన్నదున్నట్టు వాడి చూడండి. సైలెంట్ స్విచ్‌లలో అడుగు మెత్తగా ఆగుతుంది, కొందరికి అది బొత్తిగా నచ్చదు, గట్టిగా ఠక్కుమని ఆగితేనే వాళ్లకి తృప్తి. అడుగు తాకడం వల్లే ఇబ్బంది పడుతున్న మీకు ఆ మెత్తదనం హాయిగా ఉంటుందని నా నమ్మకం. కీల కింద రబ్బరు ఓ-రింగులు వేసుకోమని ఎవరైనా చెబితే వినకండి. అవి కీ దిగే దూరాన్ని తగ్గిస్తాయి, శబ్దం కొంత తగ్గుతుంది, కానీ ఆగే తీరు ముద్దగా ఉంటుంది, ఒక్కో కీ ఒక్కోలా ఆగుతుంది.

స్పేస్ బార్, ఎంటర్ మాత్రం విడిగా చూసుకోండి. వాటి కింద పొడవాటి కీ ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ తీగలుంటాయి, వాటికి గ్రీజు లేకపోతే ఎంత సైలెంట్ స్విచ్ పెట్టినా గలగలమంటాయి. మీ గదిలో నిద్రపోయేవారిని లేపేది ముందుగా ఆ స్పేస్ బారే. 205జీ0 కొంచెం ఎక్కువగానే పట్టించవలసిన చోటు అది ఒక్కటే.


వేగం_ముఖ్యం

ఒక మాట మర్చిపోయాను. మాగ్నెటిక్ స్విచ్‌లు కూడా ఉన్నాయి, హాల్ ఎఫెక్ట్ అంటారు. వూటింగ్ బోర్డులతో బాగా పేరొచ్చింది. స్టెమ్‌లో అయస్కాంతం ఉంటుంది, అది ఎంత దిగిందో బోర్డులోని సెన్సర్ కొలుస్తుంది. ఎంత లోతులో అక్షరం పడాలో సాఫ్ట్‌వేర్‌లో మనమే పెట్టుకోవచ్చు. చిటికెన వేలి కీలకి లోతు పెంచి, మిగతావాటికి తగ్గించుకోవచ్చు. కాస్త వదలగానే మళ్లీ సిద్ధమయ్యే రాపిడ్ ట్రిగ్గర్ కూడా ఉంటుంది.


స్ప్రింగుల_డబ్బా

నిజమే, ఆ లోతు మార్చుకునే వీలు చాలా గొప్పది. కాకపోతే వాటిలో దాదాపు అన్నీ లీనియర్లే. అక్షరం ఎక్కడ పడాలో సాఫ్ట్‌వేర్‌కి చెప్పగలం గానీ, పడిందని వేలికి చెప్పడానికి అక్కడ బంప్ ఉండదు. రాతపని గారు అడిగింది సరిగ్గా అదే కాబట్టి వీరికి మాత్రం నేను చెప్పను. గేమ్స్‌కి మీ మాటే నా మాట.


రాతపని

నిర్ణయం అయిపోయిందండీ. పాలీకార్బొనేట్ ప్లేట్ ఉన్న హాట్‌స్వాప్ బోర్డు, దాంట్లోకి యూ4 62. పక్కన పెట్టి పోల్చుకోడానికి కొన్ని సైలెంట్ రెడ్లు కూడా తెప్పిస్తున్నాను, వేగం_ముఖ్యం గారి మాట కూడా చూసినట్టు ఉంటుంది. స్విచ్‌లు నేనే ఎక్కించుకోవడం ఇదే మొదటిసారి, ఏమైనా జాగ్రత్తలుంటే చెప్పండి.


స్ప్రింగుల_డబ్బా

చాలా సంతోషం. బోర్డు కొనేముందు ఒకటి చూసుకోండి. స్విచ్‌లలో మూడు కాళ్లవి, ఐదు కాళ్లవి అని రెండు రకాలు. రెండు లోహపు పిన్నులు, మధ్యలో లావుపాటి ప్లాస్టిక్ కాలు అన్నిటికీ ఉంటాయి. ఐదు కాళ్లవాటికి అదనంగా రెండు సన్నటి ప్లాస్టిక్ కాళ్లు. ఐదు కాళ్లకీ రంధ్రాలున్న బోర్డులో ఏదైనా కూర్చుంటుంది. మూడింటికే ఉంటే ఆ సన్నటి ప్లాస్టిక్ కాళ్లు కత్తిరించుకోవాలి, కత్తిరించినా స్విచ్‌కి నష్టమేమీ లేదు.

ఎక్కించే ముందు ప్రతి స్విచ్‌నీ వెలుతురుకి పట్టుకుని రెండు పిన్నులూ నిటారుగా ఉన్నాయో లేదో చూడండి. వంగి ఉంటే ట్వీజర్స్‌తో నెమ్మదిగా సరిచేయండి. వంగిన పిన్నుతో నొక్కేస్తే అది సాకెట్‌లోకి వెళ్లకుండా కింద మడత పడుతుంది, కీ పలకదు, బోర్డు పాడైందేమో అని టెన్షన్ పడతారు. కొన్ని బోర్డులలో వెనక కేసు విప్పే వీలుంటుంది. విప్పగలిగితే సాకెట్ కింద వేలు ఆనించి పైనుంచి స్విచ్ నిలువుగా నొక్కండి. ఆ సాకెట్లు బోర్డుకి సోల్డర్ మీదే నిలబడి ఉంటాయి, కింద ఆధారం లేకుండా బలంగా తోస్తే ఊడిపోవచ్చు. ముందు మధ్య వరస ఒక్కటే ఎక్కించి, ప్రతి కీనీ కంప్యూటర్‌లో టెస్ట్ చేసుకున్నాక మిగతావి పెట్టండి. సైలెంట్ రెడ్లని అంకెల వరసలో పెట్టారంటే, రెండు రకాలూ ఒకే బోర్డు మీద, ఒకే ప్లేట్ మీద పోల్చుకోవచ్చు.